సీలు చెరిగిన దుర్భిణి పెట్టె

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది, ఎండలు కాస్త తగ్గే రోజుల్లో, నన్ను గల్ఫ్‌లో బురైమి అనే సరిహద్దు ఊళ్లోని ఒక వకీలు ఆఫీసులో ఫర్రాష్‌గా వేశారు. ఫర్రాష్ అంటే ఊడ్చి తుడిచి, చాయ్ పెట్టి, అడిగిన ఫైలు తెచ్చి ఇచ్చే మనిషి. అంతకు ముందు తొమ్మిదేళ్లు ఆ వకీలుగారి తల్లి ఇంట్లో పనిచేశాను. ఆ పెద్దామె పోయాక, వకీలైన కూతురు మరియం మేడమ్ నా వీసాను తన ఆఫీసు మీదికి మార్పించారు. మాది కడప జిల్లా. అప్పటికి నాకు ఏ భాషలోనూ చదవడం రాదు.

ఆఫీసు పెద్దదేమీ కాదు. రెండు గదులు, చాయ్ పెట్టుకునేంత వంటగది. మనుషులం ముగ్గురం: మేడమ్, నేను, డ్రైవర్ గంగాధర్. గంగాధర్‌ది జగిత్యాల వైపు. మేడమ్‌ను కోర్టుకు తీసుకుపోవడం, కాగితాలు ఆఫీసులకు చేర్చడం అతని డ్యూటీ. నా డ్యూటీలో కష్టమైనది ఫైళ్ల పని. అరబీ అంకెలు కార్ల నంబరు ప్లేట్లు చూసి నేర్చుకున్నాను కాబట్టి ఫైలు నంబరు పోల్చుకోగలిగేదాన్ని. మిగతాదంతా రిబ్బన్ రంగే. భూమి తగాదాలకు ఆకుపచ్చ, జీతాల కేసులకు పసుపు, సర్కారు నిర్ణయాల మీద వేసే కేసులకు ఎరుపు. ఆ ఏడాది ఎర్ర రిబ్బన్లు మూడే ఉండేవి. అందులో ఒకటి అబూ నాసర్‌ది.

అబూ నాసర్‌కు యాభై దాటి ఉంటాయి. తండ్రి నుంచి వచ్చిన దుకాణం నడిపేవాడు. ఎడారికి పోయేవాళ్లకు కావలసిన డేరాలు, నీళ్ల డబ్బాలు, ఒంటె తాళ్లు, లాంతర్లు అమ్మేవాడు. ఒంటెల యజమానులు తమ ఒంటెలు ఇసుకలో ఎంత దూరం పోయాయో చూసుకోవడానికి అడుగుతున్నారని ఒకసారి ఇరవై నాలుగు దుర్భిణులు తెప్పించాడు. ఒంటి గొట్టం దుర్భిణులు, ఒకవైపు కన్ను పెట్టి చూసేవి. సరుకును సరిహద్దు దగ్గర ఆపి, అక్కడి సర్కారు గోదాములో పెట్టారు. ఇలాంటి గొట్టాలు తుపాకీ మీద కూడా బిగిస్తారు కాబట్టి ఇవి ఆయుధానికి చెందిన సామాను అనీ, పర్మిట్ లేకుండా తెప్పించడం తప్పనీ నిర్ణయం వచ్చింది. ఆ నిర్ణయం నిలబడితే దుకాణం లైసెన్సు మళ్లీ ఇవ్వరు. లైసెన్సు గడువు ఆ చలికాలం చివర్లో తీరిపోతుంది.

సర్కారు ఆఫీసు నిర్ణయం మీద నేరుగా కోర్టుకు పోవడానికి లేదు. ముందు అదే ఆఫీసుకు, మీ నిర్ణయం మళ్లీ చూడండి అని అర్జీ పెట్టుకోవాలి. వాళ్లు కాదంటేనో, గడువులోపల జవాబు ఇవ్వకపోతేనో అప్పుడు కోర్టు. అబూ నాసర్ అర్జీకి కాదనే జవాబు వచ్చింది. మేడమ్ కేసు వేశారు. ఆమె ఒక మాట పదే పదే చెప్పేవారు: మనం ఆయుధాల చట్టాన్ని తప్పు పట్టడం లేదు, ఈ వస్తువును ఆ చట్టం కిందికి ఎలా తెచ్చారని మాత్రమే అడుగుతున్నాం అని.

కోర్టులో చెప్పబోయేది ముందు రోజు ఆఫీసులో పైకి చెప్పుకోవడం మేడమ్‌కు అలవాటు. అరబీ తొమ్మిదేళ్లుగా వింటున్నదే కాబట్టి సగానికి పైగా నాకు అర్థమయ్యేది. బీరువాలు తుడుస్తూ వినేదాన్ని. గొట్టం తీసేసినా తుపాకీ పేలుతుంది, కాబట్టి గొట్టం తుపాకీలో భాగం కాదు. వేటగాడు కారు దీపం వేసి జంతువును చూస్తాడు, అంత మాత్రాన కారు దీపానికి ఆయుధాల పర్మిట్ అడుగుతారా? వినడానికి బాగానే ఉండేది. కానీ నాకొక సందేహం వచ్చేది. కారు దీపాన్ని తుపాకీకి బిగించలేం, దీన్ని బిగించవచ్చు కదా? చాయ్ ఇచ్చేటప్పుడు ఒకసారి అడిగేశాను. మేడమ్ నా వైపు చూసి, అవతలి వకీలు కూడా అదే అడుగుతాడని, ఆ ప్రశ్నకే ఇంకా జవాబు రాసుకోలేదని అన్నారు. ఆ రోజు నుంచి ఆ ఫైలు మీద నాకు ఆసక్తి పెరిగింది.

రెండో వాయిదాలో జడ్జి ఒక నిపుణుణ్ణి వేశారు. కోర్టు వేసే నిపుణుణ్ణి అక్కడ ఖబీర్ అంటారు. వస్తువును చూసి, అది ఏమిటో కోర్టుకు రాసి ఇవ్వడం ఆయన పని. గోదాములోని సరుకు నుంచి ఒక పెట్టె నమూనాగా తీయాలని, ఖబీర్ మస్కట్ నుంచి ఆదివారం వచ్చే వరకు దాన్ని మా ఆఫీసులో ఉంచాలని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. గురువారం పొద్దున గోదాములో ఆ పెట్టె మూత మీద ఒక కాగితం పట్టీ అడ్డంగా అంటించి, దాని మీద గుండ్రటి ముద్ర వేసి, ఇద్దరు సంతకాలు పెట్టారు. మేడమ్ అక్కడి నుంచి కోర్టుకు పోయారు. గంగాధర్ పెట్టెను ఆఫీసుకు తెచ్చి, ఎర్ర రిబ్బన్ల అరలో పెట్టమని చెప్పి, కారు కడగడానికి కిందికి పోయాడు.

పెట్టె నిండా గోదాము దుమ్ము. మూత మీద బల్లి రెట్ట. పెద్దామె ఇంట్లో నేను నేర్చుకున్న మొదటి పని, బయటి నుంచి ఏది వచ్చినా తుడిచి గాని లోపల పెట్టకూడదని. కరోనా రెండేళ్లలో అది ఇంకా గట్టిపడింది. కూరగాయల సంచి, బ్యాంకు కవరు, మందుల డబ్బా, అన్నీ శానిటైజర్‌తో తుడిచేదాన్ని. ఆ ఇంట్లో ఒక్కరికీ జబ్బు రాలేదు. దానికి నా గుడ్డే కారణమని పెద్దామె అందరికీ చెప్పేది. నేను గుడ్డ తడిపి, పెట్టెను నాలుగు వైపులా తుడిచి, మూత కూడా తుడిచాను. గుడ్డ నీలంగా అయింది. చూస్తే పట్టీ మీద ముద్ర లేదు. సంతకాలు రెండూ కలిసిపోయి మేఘంలా ఉన్నాయి. పట్టీ ఒక చివర చిరిగింది.

అప్పటికీ అది ఏమిటో నాకు తెలియదు. అందంగా లేదని మాత్రం అనిపించింది. గంగాధర్ పైకి వచ్చి చూసి, గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏం జేసినవ్ అక్కా? గది సీలు. సీలు పోతే లోపల వస్తువు మార్చినమంటరు. కేసే పోతది."

అతను కాసేపు అటూ ఇటూ నడిచి, ఒక ఉపాయం చెప్పాడు.

"ఏసీ నీళ్లు కారినయ్ అందాం. ఏసీకి నోరు లేదు, కాదనదు."

"అట్ల చెప్పినాక రోజూ ఆ ఏసీని తుడవాల్సింది నేనే గదా గంగాధరా."

"నవ్వులాట గాదు. నీ వీసా పోతది. నా మాట ఇను."

వీసా పోతుందన్న మాట నన్ను పట్టుకుంది. కాదని చెప్పను. కానీ ఏసీ ఆ అరకు ఎదురు గోడ మీద ఉంది. నీళ్లు కారినా అంత దూరం రావు. అబద్ధం నిలబడదని ఇల్లు తుడిచే మనిషికి ఇట్టే తెలుస్తుంది. మేడమ్‌కు ఫోను చేయమని గంగాధర్‌ను అడిగాను. అతను నంబరు నొక్కి ఫోను నాకిచ్చి, తను దూరంగా నిలబడ్డాడు.

మేడమ్ తిట్టలేదు. మూడు ప్రశ్నలు అడిగారు: ఎన్ని గంటలకు, దేనితో, ఇంకెవరు చూశారు. తర్వాత, పెట్టెను ముట్టుకోవద్దు, గుడ్డను ఉతకవద్దు అన్నారు. నేను అప్పటికే బకెట్‌లో నీళ్లు పట్టి ఉన్నాను. గుడ్డను మాత్రం ఇంకా అందులో వేయలేదు.

ఆమె వచ్చి ఫోటోలు తీసి, గుడ్డను ప్లాస్టిక్ కవరులో పెట్టి, నా వాంగ్మూలం అరబీలో టైపు చేసి, ఒక్కో వాక్యం హిందీలో చదివి వినిపించారు. ఒకచోట, పొరపాటున తుడిచాను అని ఉంది. నేను ఒప్పుకోలేదు.

"పొరపాటున కాదు మేడమ్, కావాలనే తుడిచినాను. సీలు అని తెలియక తుడిచినాను."

మేడమ్ ఆ వాక్యం మార్చారు. నేను వేలిముద్ర వేశాను. ఆఫీసులు మూసే లోపల ఆ కాగితం ఒక ప్రతి కోర్టుకు, ఒక ప్రతి అవతలి వకీలుకు చేరాలని గంగాధర్‌ను పంపారు. దారిలో అతను నాకు ఫోను చేసి, మేడమ్ మన ఇంటి గుట్టు మనమే ఊరంతా పంచుతున్నదని వాపోయాడు.

ఆదివారం ఖబీర్ పెట్టెను తెరవలేదు. తర్వాతి వాయిదాలో అవతలి వకీలు, నమూనా మారలేదని ఎవరు చెప్పగలరని అడిగాడు. అడగవలసిందే. మేడమ్ కూడా కాదనలేదు. ఇంకొక నమూనా తీయించమని కోరారు. జడ్జి మాత్రం, ఈసారి ఒకటి కాదు, గోదాములో ఉన్న సరుకంతా రెండు పక్షాల ఎదుట తెరిచి చూడమని ఖబీర్‌ను ఆదేశించారు.

అబూ నాసర్ అదే రోజు సాయంత్రం ఆఫీసుకు వచ్చాడు. అన్నీ తెరవడం దేనికి, ఇంకొక పెట్టె ఒకటి సీలు వేయించు చాలు అని మేడమ్‌ను మూడు రకాలుగా అడిగాడు. సరుకు పాడవుతుందన్నాడు. అద్దాలకు దుమ్ము పడుతుందన్నాడు. మేడమ్ కలం కింద పెట్టి అడిగారు.

"అబూ నాసర్, ఇరవై నాలుగూ ఒకే రకమేనా? కోర్టుకు మనం అలాగే రాసిచ్చాం."

"వల్లాహి, ఒకటే."

ఒట్టు వేసి చెప్పాడు. నేను ఇచ్చిన చాయ్ మాత్రం ముట్టుకోలేదు.

నా వాంగ్మూలం ఫైలులో ఉంది కాబట్టి నన్ను కూడా గోదాముకు రమ్మన్నారు. రేకుల కప్పు, లోపల ఉక్క. ఖబీర్ సైన్యంలో తుపాకుల మరమ్మతు చేసి రిటైరైన పెద్దాయన. కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. ముందు నా గుడ్డ చూసి, ఎలా తుడిచావో చూపించమన్నాడు. ఇంకొక పెట్టె మీద వట్టి చేత్తో చూపించాను. మూత దగ్గర రెండుసార్లు రుద్దానని చెబితే అది కూడా రాసుకున్నాడు. తర్వాత పెట్టెలు తెరవడం మొదలైంది. ఒక్కొక్కటి తెరిచి, గొట్టం బయటికి తీసి, దానితో పాటు ఏముందో చదివి రాయిస్తాడు.

మొదటిది మా నమూనా పెట్టె. అందులో గొట్టం, దాని కింద బిగించే ఒక ఇనుప పాదం. ఫోటో కెమెరాలకు పెట్టే మూడు కాళ్ల స్టాండు మీద ఆ పాదం కూర్చుంటుంది. తర్వాతి పెట్టెల్లోనూ అదే. నేను కన్ను ఆర్పకుండా చూస్తున్నానని గమనించి, ఆయన ఒక గొట్టం నా చేతికి ఇచ్చాడు. గోదాము తలుపులోంచి చూస్తే ఎదుటి కొండ మీది రాళ్లు పక్కింటి మెట్లంత దగ్గరికి వచ్చాయి. వాటి మధ్య రెండు సన్నని గీతలు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం.

"బాబా, ఒంటెను చూసేదానికి గీతలెందుకు?"

దూరం కొలవడానికి అన్నాడు ఆయన. ఒంటె ఎత్తు తెలుసు కాబట్టి అది గీత మీద ఎంత మేర ఉందో చూస్తే ఎంత దూరంలో ఉందో చెప్పవచ్చు. తుపాకీ వాడికీ అదే లెక్క పనికి వస్తుంది. మరి దీన్ని దేని సామాను అనాలి అని అడిగాను. గొట్టానికి తెలియదు, కింద ఏం బిగించారో చూడాలి అన్నాడు. అవతలి వకీలు, మేడమ్ ఇద్దరూ ఆ మాట రాసుకున్నారు.

పన్నెండో పెట్టెలో పాదం లేదు. దాని చోట రెండు నల్లటి కడియాలు ఉన్నాయి, కింద పళ్లలాంటి గాడితో. ఖబీర్ వాటిని అరచేతిలో వేసుకుని తిప్పి చూశాడు. ఇవి గొట్టాన్ని తుపాకీ వీపు మీద బిగించడానికి చేసినవి, ఇంకే పనికీ రావు అని రాయించాడు. అవతలి వకీలు అబూ నాసర్ వైపు చూశాడు. మేడమ్ ఆయన కన్నా ముందు, ఖబీర్‌తో, పెట్టె నంబరు కూడా రాయండి అన్నారు. ఇరవై నాలుగూ తెరిచేసరికి కడియాలు ఉన్నవి నాలుగు తేలాయి.

బయట కార్ల దగ్గర అబూ నాసర్ నిజం చెప్పాడు. ఇళ్లల్లో లైసెన్సు ఉన్న తుపాకులు పెట్టుకున్న నలుగురు స్నేహితులు అడిగారట. ఇరవై నాలుగింటిలో నాలుగింటిని ఎవరు చూస్తారనుకున్నాడట. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఓ తల్లీ, నీ శుభ్రం నా దుకాణాన్ని ఊడ్చేసింది."

"బాబా, నేను పెట్టె బయటనే తుడిచినాను. లోపల పెట్టింది నేను కాదు."

గంగాధర్ అటు తిరిగి కారు అద్దం తుడవడం మొదలుపెట్టాడు, నవ్వు కనబడకుండా. అబూ నాసర్‌కు నవ్వు రాలేదు. మేడమ్‌కూ రాలేదు. అన్నీ ఒకటే అని కోర్టుకు రాసి ఇచ్చిన కాగితం మీద ఉన్నది ఆమె సంతకం. ఆమె అతనికి రెండు దారులు చెప్పారు. ఆ మాట తప్పని మనమే కోర్టుకు రాసి, నాలుగు పెట్టెలు వదులుకుని, ఇరవై కోసం వాదించడం ఒకటి. లేదా ఫైలు తీసుకుని ఇంకొక వకీలు దగ్గరికి పోవడం. అతను తన కారులో తలుపు వేసుకుని చాలా సేపు కూర్చున్నాడు. తర్వాత అద్దం దించి, కోర్టుకు రాయి అన్నాడు.

ఆ తర్వాతి వాయిదా నాకు బాగా గుర్తుంది, ఫైలు మోసుకుని నేనూ వెళ్లాను. మేడమ్ మొదట నాలుగు పెట్టెల మీద తమ కోరికను వెనక్కి తీసుకున్నారు. తర్వాత ఖబీర్ మాటనే తన వాదంగా పెట్టుకున్నారు. గొట్టాన్ని చూసి కాదు, దానితో పాటు పంపిన బిగింపు సామానును చూసి నిర్ణయించాలి అన్నారు. అవతలి వకీలు ఊరుకోలేదు. రేపు ఎవరైనా పాదం తీసి కడియాలు కొని బిగిస్తే ఏమిటన్నాడు. నాలుగింటి మీద అబద్ధం చెప్పినవాణ్ణి ఇరవై మీద ఎందుకు నమ్మాలన్నాడు. ఆ రెండో ప్రశ్నకు మేడమ్, నమ్మవద్దు, పెట్టెలన్నీ తెరిచి చూశారు కదా అని జవాబిచ్చారు. కారు దీపం వాదం ఆ రోజు ఎత్తనే లేదు.

ఇంకో రెండు వాయిదాల తర్వాత తీర్పు వచ్చింది. ఇరవై దుర్భిణుల మీద ఇచ్చిన నిర్ణయాన్ని కోర్టు కొట్టేసింది. మార్చి బిగించుకోవచ్చు అన్న ఒక్క కారణంతో ఒక వస్తువును ఆయుధ సామాను అనడానికి లేదని, అది దేని కోసం తయారై వచ్చిందో చూడాలని అందులో ఉందట. నాలుగు పెట్టెల మీద నిర్ణయం నిలబడింది. అవి తిరిగి రాలేదు. లైసెన్సు గడువు తీరడానికి పది రోజుల ముందు, ఒక హెచ్చరిక కాగితంతో పాటు అబూ నాసర్‌కు కొత్త లైసెన్సు ఇచ్చారు. అతను తన కాగితాలు తీసుకుని, మేడమ్‌కు కృతజ్ఞతలు చెప్పి వెళ్లాడు. తర్వాత అతనికి ఇంకో తగాదా వచ్చినప్పుడు వేరే వకీలు దగ్గరికి పోయాడని విన్నాం.

నా వీసా పోలేదు. ఆ వారమే ఒక ఇనుప బీరువా వచ్చింది, సీలు వేసినవి అందులోనే పెట్టాలి, తాళం మేడమ్ దగ్గరే. సరుకుకు సంబంధించిన కేసు వస్తే అర్జీ రాసే ముందు, ఉన్న సరుకంతా మేడమ్ స్వయంగా తెరిపించి చూసేవారు. అప్పుడు పక్కన నిలబడి పెట్టెలు లెక్కపెట్టడం నా డ్యూటీలో చేరింది. నేను వేలిముద్ర వేసిన కాగితాన్ని కోర్టులో ముగ్గురు నలుగురు చదివారు, నేను మాత్రం చదవలేదు. అందుకని ఆ ఏడాదే అక్షరాలు మొదలుపెట్టాను. నిరుడు పని మానేసి ఊరికి వచ్చాక పూర్తి చేశాను.

నేను ఆ రోజు ఏసీ మీదికి తోసి ఉంటే ఏమయ్యేదో కూడా రాయాలి. పట్టీ తడిసిందని వేరే నమూనా ఒకటి తీసేవాళ్లేమో. అందులోనూ పాదమే ఉంటే ఖబీర్ దాన్ని చూసి వెళ్లిపోయేవాడు, ఇరవై నాలుగూ విడుదలయ్యేవి, అబూ నాసర్ నన్ను దీవించేవాడు. నిజం చెబితే మన పక్షానికి మేలు జరుగుతుందని ఆ కేసు నాకు నేర్పలేదు. మరొకరి ముద్ర ఉన్న వస్తువు మీది దుమ్ము కూడా మనది కాదని, అది చెడిపోతే ఎలా చెడిపోయిందో ఆ గంటలోనే చెప్పాలని, చెప్పాక ఏ పెట్టెలో ఏం బయటపడుతుందో ఎంచుకునే వీలు మనకు ఉండదని నేర్పింది.